ప్రాథమికోన్నత స్థాయి గణితం – అపేక్షలు, తరగతి పనులు: భాషాపరమైన పరిశీలన (సుల్తాన్‌పూర్ పారిశ్రామిక ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం:
ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు గణితంలో విద్యార్థి సాధించవలసిన వాటిని రాష్ట్ర పాఠ్యప్రణాళిక ఐదు విద్యాప్రమాణాలుగా నిర్దేశించింది. వీటిలో నాలుగు భాషతో నేరుగా ముడిపడి ఉన్నాయి. తరగతి పనులు, ఇంటిపనులు, మూల్యాంకన మాత్రం గణితాన్ని ప్రధానంగా అంకెల పనిగానే చూస్తున్నాయి. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ పరిసర పారిశ్రామిక ప్రాంతంలో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా మాట్లాడే కుటుంబాల పిల్లలు ఒకే తరగతిలో కూర్చుంటారు. అక్కడ ఈ అంతరం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. భిన్నాలు, దశాంశాలు, వైశాల్యం, వడ్డీ, సమీకరణాలు అనే ఐదు అంశాలలో ఇంటిమాటకూ పాఠ్యపుస్తక పరిభాషకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించి, గణిత తరగతి పనులను భాషాస్పృహతో రూపొందించవలసిన అవసరాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గణిత బోధన, విద్యాప్రమాణాలు, గణిత పరిభాష, ద్విభాషా పాఠ్యపుస్తకాలు, నిర్మాణాత్మక మూల్యాంకన, సుల్తాన్‌పూర్, వలస కుటుంబాల పిల్లలు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో శాస్త్రవాఙ్మయం గణితంతోనే మొదలైంది. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన ‘గణితసారసంగ్రహా’న్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మల్లన మూలాన్ని యథాతథంగా అనుసరించలేదనీ, జైన సందర్భాలున్న చోట్ల శైవ సందర్భాలను చేర్చాడనీ పండితులు గుర్తించారు. అంటే గణితాన్ని మరో భాషలోకి తేవడమంటే పదాలను మార్చడం మాత్రమే కాదనీ, లెక్క జరిగే లోకాన్ని కూడా పాఠకుడికి దగ్గర చేయడమనీ తొలి తెలుగు గణితగ్రంథకర్త గ్రహించాడు.

నేటి పాఠశాలలో ఈ గ్రహింపు ఎంతవరకు నిలిచి ఉందన్నది పరిశీలించవలసిన ప్రశ్న. ప్రాథమిక స్థాయిలో పిల్లలు సంఖ్యలతో, వస్తువులతో లెక్కలు చేస్తారు. ఆరో తరగతి నుంచి అక్షరాలు సంఖ్యల స్థానాన్ని ఆక్రమిస్తాయి. రుణసంఖ్యలు ప్రవేశిస్తాయి. ‘ఎంత’ అనే ప్రశ్నకు ‘ఎందుకు’ అనేది తోడవుతుంది. చాలామంది పిల్లలకు గణితం దూరమయ్యే దశ కూడా ఇదే. ఆ దూరంలో భాష పాత్రను గుర్తించడానికి పారిశ్రామిక ప్రాంతంలోని బహుభాషా తరగతి అనువైన క్షేత్రం.

ఇక్కడ ప్రస్తావించే సుల్తాన్‌పూర్ సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలంలోనిది. జేఎన్‌టీయూహెచ్ ఇంజినీరింగ్ కళాశాల ఉన్న సుల్తాన్‌పూర్ ఇదే జిల్లాలోని మరో గ్రామం.

2. పాఠ్యప్రణాళిక విద్యార్థి నుంచి ఆశించేది

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రానికి అనుబంధంగా గణిత బోధనపై వెలువడిన ఆధారపత్రం, పాఠశాల గణితం లక్ష్యం గణనలో వేగం కాదనీ, పిల్లల ఆలోచనావిధానాన్ని గణితపరంగా తీర్చిదిద్దడమనీ స్పష్టం చేసింది. ఈ దృక్పథంతోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రం రూపొందింది. 2012 నుంచి కొత్త పాఠ్యపుస్తకాలు దశలవారీగా వచ్చాయి. తెలంగాణ ఏర్పడిన తరువాత కూడా ఈ పుస్తకాల స్వరూపం ప్రధానంగా కొనసాగింది.

ఈ పుస్తకాలు గణితానికి ఐదు విద్యాప్రమాణాలను నిర్దేశించాయి. అవి: సమస్యా సాధన, కారణాలు చెప్పడం–నిరూపణలు చేయడం, వ్యక్తపరచడం, అనుసంధానం, దృశ్యీకరణ–ప్రాతినిధ్యపరచడం. వీటిని భాషాదృష్టితో చూస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. పదసమస్యను చదివి అర్థం చేసుకోనిదే సమస్యా సాధన మొదలు కాదు. ‘కాబట్టి’, ‘అయితే’, ‘ఒకవేళ’ వంటి మాటలు లేకుండా కారణం చెప్పడం సాధ్యం కాదు. వ్యక్తపరచడం పేరులోనే భాష ఉంది. నిత్యజీవిత సందర్భానికీ గణితభావనకూ ముడి వేయడమే అనుసంధానం. నిత్యజీవితం నడిచేది ఇంటిభాషలో. పటాలకూ రేఖాచిత్రాలకూ సంబంధించిన ఐదో ప్రమాణం ఒక్కటే కొంతవరకు భాషకు వెలుపల నిలుస్తుంది.

పాఠ్యపుస్తకంలోని శీర్షికలు కూడా ఈ దృష్టినే సూచిస్తాయి. ‘ఇవి చేయండి’, ‘ప్రయత్నించండి’ అనే వాటితో పాటు ‘ఆలోచించి, చర్చించి రాయండి’ అనే శీర్షిక అధ్యాయాలలో తరచుగా కనిపిస్తుంది. చర్చించడం, రాయడం రెండూ భాషావ్యవహారాలే. భాషాశాస్త్రవేత్త హాలిడే 1970లలో ప్రతిపాదించిన ‘గణిత భాషావ్యవహారం’ అనే భావన ఇక్కడ ఉపకరిస్తుంది. ఆయన దృష్టిలో గణితభాష అంటే కొత్త పదాల జాబితా కాదు. పరిచితమైన పదాలను కొత్త అర్థాలలో, కొత్త వాక్యనిర్మాణాలలో వాడే తీరు. తెలుగులో ‘వర్గం’, ‘మూలం’, ‘ఘాతం’, ‘చరం’ వంటి మాటలు పిల్లవాడు బయట విన్న అర్థంలో గణిత తరగతిలో వినిపించవు.

3. తరగతి పనులు, మూల్యాంకన – ప్రస్తుత స్వరూపం

విద్యాహక్కు చట్టం (2009) అనుబంధం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు విద్యాసంవత్సరంలో 220 పనిదినాలు, 1000 బోధనా గంటలు ఉండాలి. అదే చట్టంలోని 29వ సెక్షన్ బోధనామాధ్యమం సాధ్యమైనంతవరకు పిల్లల మాతృభాషలో ఉండాలని, మూల్యాంకన నిరంతరం, సమగ్రంగా జరగాలని పేర్కొంది.

నిర్మాణాత్మక మూల్యాంకనకు నాలుగు సాధనాలు వ్యవహారంలో ఉన్నాయి. అవి: తరగతిలో పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాతపనులు, ప్రాజెక్టు పనులు, లఘుపరీక్ష. చూడడానికి ఇది సమతూకంగా ఉన్న పద్ధతి. మొదటి మూడింటిలో పిల్లవాడు మాట్లాడవచ్చు, రాయవచ్చు, పరిసరాలను పరిశీలించవచ్చు. ఆచరణలో రాతపని అంటే అభ్యాసంలోని లెక్కలను నోటుపుస్తకంలోకి ఎక్కించడంగా, ప్రాజెక్టు అంటే గైడు నుంచి అట్టపైకి దించడంగా మారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. దీనికి ఒక కారణం పై తరగతుల పరీక్షల ప్రభావం. పరీక్షా సంస్కరణలలో భాగంగా పదో తరగతి గణిత ప్రశ్నపత్రానికి నిర్దేశించిన భారత్వంలో సమస్యా సాధనకు 40 శాతం, కారణాలు చెప్పడం–నిరూపణలకు 20 శాతం, అనుసంధానానికి 15 శాతం, దృశ్యీకరణ–ప్రాతినిధ్యానికి 15 శాతం దక్కాయి. వ్యక్తపరచడానికి దక్కింది 10 శాతమే. అతి తక్కువ మార్కులున్న ప్రమాణానికి తరగతిలో అతి తక్కువ సమయం దక్కడం సహజం. వ్యక్తపరచలేని విద్యార్థి మిగిలిన 90 శాతాన్ని ఏ మార్గంలో అందుకోవాలన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది.

మరో లోపం కూడా ఉంది. విద్యాప్రమాణాల వివరణ పాఠ్యపుస్తకంలోనే ఉన్నా అది ఉపాధ్యాయుణ్ణి ఉద్దేశించి రాసినది. ఈ ఏడాది గణితంలో తన నుంచి ఏమి ఆశిస్తున్నారో, ఏ పనిని ఏ దృష్టితో చూస్తారో విద్యార్థికీ తల్లిదండ్రులకూ వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పే పత్రం ఏదీ ఈ వ్యవస్థలో భాగంగా లేదు. వార్షిక ప్రణాళిక, పాఠ్యప్రణాళిక, మూల్యాంకన రిజిస్టరు – ఇవన్నీ ఉపాధ్యాయుడికీ పర్యవేక్షణాధికారికీ మధ్య నడిచే పత్రాలు.

4. సుల్తాన్‌పూర్ – తరగతి గది భాషానేపథ్యం

పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970లలో రూపుదిద్దుకుంది. అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో ఇక్కడే ఏర్పడింది. పాశమైలారం, బొల్లారం ప్రాంతాలకు పరిశ్రమలు విస్తరించాయి. సుల్తాన్‌పూర్‌లో వైద్యపరికరాల పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. ఔటర్ రింగ్ రోడ్డు ఈ గ్రామాన్ని నగరంతో కలిపింది. పొలాలు ప్లాట్లయ్యాయి. పరిశ్రమలలో, నిర్మాణరంగంలో పనికోసం తెలుగు జిల్లాల నుంచే కాక ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, మహారాష్ట్ర తదితర రాష్ట్రాల నుంచి కుటుంబాలు వచ్చాయి.

ఈ ప్రాంతపు తెలుగుకు ఉర్దూతో దీర్ఘకాల సంబంధం ఉంది. నిజాం పాలనలో విద్యాభాషగా ఉర్దూ ప్రాబల్యం వహించింది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నతవిద్యను అందించింది. శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి ప్రత్యేక అనువాద విభాగం పనిచేసింది. జమ, ఖర్చు, బాకీ, హిస్సా, గజం వంటి లెక్కల మాటలు నేటికీ ఇక్కడి తెలుగులో ఇంటిమాటలే. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలతో ఉన్నతవిద్యలో స్థిరపరచిన పరిభాష ప్రధానంగా సంస్కృతజన్యమైనది. ఆ విధంగా ఇంట్లో ఉర్దూ కలిసిన తెలుగు, పుస్తకంలో సంస్కృతం కలిసిన తెలుగు అనే రెండు పొరలు ఏర్పడ్డాయి.

2022–23 విద్యాసంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. తెలుగు, ఇంగ్లీషు పాఠాలు ఎదురెదురు పుటల్లో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. దీంతో మూడో పొర చేరింది. తెలుగు పిల్లవాడికి ఎదురుపుట ఆసరా. ఒడియా లేదా హిందీ ఇంటిభాషగా గల పిల్లవాడికి రెండు పుటలూ పరాయివే. దక్షిణాఫ్రికా బహుభాషా గణిత తరగతులను అధ్యయనం చేసిన జిల్ ఆడ్లర్ ఉపాధ్యాయులు ఎదుర్కొనే ఇటువంటి ద్వైధీభావాన్ని విశదీకరించారు. పిల్లల భాషలోకి వెళితే భావన అందుతుంది కాని పరీక్షాభాష అలవడదు. పరీక్షాభాషలోనే ఉంటే భావన అందదు. సుల్తాన్‌పూర్ తరగతి గదికి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది.

5. భావనల వారీగా పరిశీలన

5.1 భిన్నాలు

తెలుగు భిన్నాన్ని చెప్పే తీరు విశిష్టమైనది. ‘మూడింట రెండు వంతులు’ అన్నప్పుడు మొదట మొత్తాన్ని మూడు భాగాలు చేసి, తరువాత రెండింటిని తీసుకుంటున్నాం. హారం ముందు, లవం తరువాత. భిన్నభావన ఏర్పడే క్రమం కూడా ఇదే. తరగతిలో ఎక్కువగా వినిపించే ‘రెండు బై మూడు’ అన్న పఠనంలో ఈ క్రమం ఉండదు. అది రెండు అంకెలనూ మధ్య గీతనూ పైనుంచి కిందికి చదవడం మాత్రమే. అలా చదివే పిల్లవాడికి రెండు, మూడు వేర్వేరు సంఖ్యలుగా కనిపిస్తాయి. సగానికి మూడో వంతు కలపమంటే లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడి ‘రెండు బై ఐదు’ అని రాసే తప్పు ఈ చూపు నుంచే పుడుతుంది. ‘అయిదింట రెండు వంతులు’ అని తెలుగులో చెప్పించగానే అది సగం కంటే తక్కువని, సగానికి ఏదో కలిపితే సగం కంటే తగ్గదని విద్యార్థి తానే గ్రహించే అవకాశం కలుగుతుంది.

తెలుగులో పాతిక, వీసం వంటి భిన్నవాచకాలు నాలుగుతో భాగించే సంప్రదాయం నుంచి వచ్చాయి. పాతిక నాలుగో వంతు, వీసం పదహారో వంతు. నాలుగు ఘాతాలపై ఆధారపడిన తెలుగు భిన్నాంకాలకు ప్రత్యేక లిపిచిహ్నాలు ఉండేవి. 2008లో వాటికి యూనికోడ్‌లో స్థానం లభించింది. ఎనిమిదో తరగతి ఘాతాంకాల పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

5.2 దశాంశాలు

2.5, 2.25లలో ఏది పెద్దది అన్న ప్రశ్నకు 2.25 అని జవాబిచ్చే విద్యార్థులు అనేక దేశాల తరగతుల్లో కనిపిస్తారు. ఐదు కంటే ఇరవై ఐదు పెద్దదన్నది వారి తర్కం. ‘రెండు పాయింట్ ఇరవై ఐదు’ అని చదివే అలవాటు ఈ తప్పును బలపరుస్తుంది. రూపాయలు–పైసల పఠనం నుంచి వచ్చిన అలవాటు ఇది. అదే సంఖ్యలను ‘రెండున్నర’, ‘రెండుంబావు’ అని పలికితే అర కంటే పావు చిన్నదని ఆరో తరగతి పిల్లవాడికి వేరే చెప్పనక్కరలేదు. ఇంటిమాట ఇక్కడ తప్పును దిద్దే సాధనం.

ఈ తేడా ప్రాణసంబంధమైనది కూడా. సుల్తాన్‌పూర్ పార్కులో గుండె రక్తనాళాలలో అమర్చే స్టెంట్లు తయారవుతాయి. స్టెంట్ల వ్యాసాలు 2.25, 2.5, 2.75, 3 మిల్లీమీటర్లు అన్నట్లుగా పావు మిల్లీమీటరు తేడాలతో ఉంటాయి. పాఠశాలకు సమీపంలోని పరిశ్రమలో దశాంశస్థానం విలువ ఎంతటిదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

5.3 వైశాల్యం

భూముల క్రయవిక్రయాలు సాగే ఈ ప్రాంతంలో ఎకరం, గుంట, గజం అనే మాటలు పిల్లల చెవిన నిత్యం పడతాయి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు, ఎకరానికి 4,840 చదరపు గజాలు. పాఠ్యపుస్తకం చదరపు మీటరును, హెక్టారును బోధిస్తుంది. రెండింటికీ మధ్య వంతెన వేయకపోతే వైశాల్యం పుస్తకంలోనే ఉండిపోతుంది.

వాడుకలో ‘గజం’ అనే మాట రెండు పనులు చేస్తుంది. బట్టల దుకాణంలో అది పొడవు. ప్లాటు విషయంలో ‘రెండు వందల గజాలు’ అంటే వైశాల్యం. ‘చదరపు’ అన్న మాట వ్యవహారంలో లోపించింది. అందువల్ల గజానికి మూడు అడుగులు కాబట్టి 200 గజాలు 600 అడుగులని విద్యార్థి లెక్కగట్టే అవకాశం ఉంది. చదరపు గజానికి తొమ్మిది చదరపు అడుగులు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న ప్లాటు 1,800 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 200 చదరపు గజాలు. లోపించిన ఒక్క విశేషణం మూడు రెట్ల తేడా తెస్తుంది.

గుంట గణితపరంగా మరింత ఆసక్తికరం. 121 అనేది 11కు వర్గం. భుజం 11 గజాలు, అంటే 33 అడుగులు ఉన్న చతురస్రమే గుంట. ఎనిమిదో తరగతి వర్గమూలాల పాఠాన్ని బడి ఆవరణలోనే గీయవచ్చు. భుజాన్ని సగం చేసి పదహారున్నర అడుగుల చతురస్రం గీస్తే అది అరగుంట కాదు, పావుగుంట. భుజం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుందన్న సూత్రాన్ని దీనికంటే బలంగా చెప్పడం కష్టం. వృత్తపరిధికి ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. దాని పొడవు 158 కిలోమీటర్లు. అది సంపూర్ణ వృత్తమే అయితే వ్యాసార్ధం సుమారు 25 కిలోమీటర్లు ఉండాలి. రోడ్డు వృత్తం కాదు కాబట్టి ఈ జవాబు ఎక్కడ పొసగదో చర్చించడమే అసలు పాఠం.

5.4 వడ్డీ, శాతం

పాఠ్యపుస్తకంలో వడ్డీరేటు సంవత్సరానికి శాతంలో ఉంటుంది. ఊళ్లో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. అంటే ఏడాదికి 24 శాతం. 10,000 రూపాయలకు ఏడాది వడ్డీ ఊరి లెక్కలో 2,400 రూపాయలు. ‘రెండు’ను పుస్తక సూత్రంలో నేరుగా పెడితే వచ్చేది 200 రూపాయలు. జవాబు పన్నెండో వంతుకు పడిపోతుంది. ఇక్కడ విద్యార్థికి గుణకారం రాకపోవడం కారణం కాదు. ‘రేటు’ అన్న మాట వెనుక దాగిన కాలప్రమాణం కనిపించకపోవడమే కారణం. అప్పుల భారం మోసే కుటుంబానికి ఈ ఒక్క విషయం తెలిసిన బిడ్డ అక్షరాలా ఆసరా.

అదే విధంగా ఉద్యోగుల రాజ్యబీమాకు కార్మికుడి వాటా 2019 జులై నుంచి వేతనంలో 0.75 శాతం. దీనిని ‘నూటికి 75 పైసలు’ అని చదివితే 16,000 రూపాయల వేతనంపై 120 రూపాయలని నోటిలెక్కగా చెప్పవచ్చు. ‘పాయింట్ సెవెన్ ఫైవ్ పర్సెంట్’ అని మాత్రమే విన్న విద్యార్థి దానిని 75 శాతంతో కలగాపులగం చేసుకునే ప్రమాదం ఉంది. శాతం అన్న మాటలో ‘నూటికి’ అన్న అర్థం ఉందని గుర్తుచేయడం అర్థవివరణ మాత్రమే కాదు. లెక్క చేసే పద్ధతి కూడా అదే.

5.5 సమీకరణాలు

ఏడో తరగతిలో సామాన్య సమీకరణాలతో మాటలను చిహ్నాలుగా మార్చే పని ప్రధానమవుతుంది. ‘ఒక సంఖ్య రెట్టింపు కంటే మూడు తక్కువ’ అన్న తెలుగు వాక్యాన్ని ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోతే ‘2ఎక్స్ – 3’ వస్తుంది. దీనికే ఇంగ్లీషులో వాడే ‘త్రీ లెస్ దేన్ ట్వైస్ ఎ నంబర్’ అన్న పదబంధంలో మూడు ముందు వస్తుంది. పదక్రమాన్ని అనుసరించిన విద్యార్థి ‘3 – 2ఎక్స్’ అని రాస్తాడు. పదక్రమం నుంచి పుట్టే ఈ విపర్యయ దోషం గణితవిద్యా పరిశోధనల్లో ప్రసిద్ధం. ఈ సందర్భంలో తెలుగు వాక్యనిర్మాణం బీజగణితానికి సహాయకారి. ఇంగ్లీషు మాధ్యమంలో చదివే తెలుగు విద్యార్థి ద్విభాషా పుస్తకంలోని ఎదురుపుటను చూసి తన జవాబును సరిచూసుకోవచ్చు.

అయితే తెలుగు అన్ని చోట్లా అనుకూలమని భావించడం సరికాదు. ‘సంఖ్యకు ఆరు రెట్లు’ అన్నప్పుడు సంఖ్య ముందు వస్తుంది, చిహ్నరూపంలో ఆరు ముందు వస్తుంది. ‘ఎక్కువ అంటే కూడిక, తక్కువ అంటే తీసివేత’ అని బట్టీ పట్టించడం మరో సమస్య. ‘రవి వద్ద సీత కంటే ఐదు గోళీలు ఎక్కువ ఉన్నాయి. రవి వద్ద పన్నెండు ఉంటే సీత వద్ద ఎన్ని?’ అన్న ప్రశ్నలో ‘ఎక్కువ’ను చూసి కూడిన విద్యార్థికి పదిహేడు వస్తుంది, సరైన జవాబు ఏడు. వాక్యంలో ‘కంటే’ ఎవరి పక్షాన నిలిచిందో చూడడం వ్యాకరణపాఠం. గణిత ఉపాధ్యాయుడు కూడా దానిని బోధించవలసి ఉంటుంది.

6. పరిభాష – వలస విద్యార్థి

సంస్కృతజన్య పరిభాష తెలుగు పిల్లలకు బరువన్న విమర్శ పాతదే. బహుభాషా తరగతిలో దానికి మరో పార్శ్వం ఉంది. త్రిభుజం, కోణం, వర్గం, సమీకరణం వంటి మాటలు హిందీ, ఒడియా పాఠ్యపుస్తకాల్లోనూ స్వల్పభేదాలతో ఉంటాయి. రాష్ట్రం మారి వచ్చిన విద్యార్థికి ‘ఎక్కువ’, ‘తక్కువ’, ‘వంతు’ అనే తేలిక తెలుగు మాటలే కొత్తవి. కఠినమనుకునే పారిభాషిక పదాలు పరిచితమైనవి. తెలుగు విద్యార్థి ఇంటిమాట నుంచి పరిభాషకు నడిస్తే ఈ విద్యార్థి పరిభాష నుంచి ఇంటిమాటకు నడుస్తాడు.

ఈ పోలికలో ఒక ఉచ్చు కూడా ఉంది. తెలుగు పాఠ్యపుస్తకంలో 0, 1, 2, 3 అంటూ సున్నాతో మొదలయ్యే సంఖ్యలు ‘పూర్ణాంకాలు’; రుణసంఖ్యలనూ కలుపుకొన్నవి ‘పూర్ణసంఖ్యలు’. హిందీ పాఠ్యపుస్తకంలో ఇది సరిగ్గా తలకిందులు. అక్కడ సున్నాతో మొదలయ్యేవి ‘పూర్ణ్ సంఖ్య’లు, రుణసంఖ్యలు చేరినవి ‘పూర్ణాంక్’లు. బీహార్‌లో ఆరో తరగతి సగం చదివి సుల్తాన్‌పూర్ వచ్చిన విద్యార్థి ‘–3 పూర్ణాంకమా?’ అన్న ప్రశ్నకు ‘అవును’ అంటే తాను నేర్చుకున్న దాని ప్రకారం ఒప్పే. తెలుగు తరగతిలో అది తప్పు. ఆ విద్యార్థి భావనలో లోపం లేదు. మాట మాత్రమే మారింది. దీనిని గుర్తించని లఘుపరీక్ష తెలిసినవాణ్ణి తెలియనివాడిగా నమోదు చేస్తుంది. తెలుగు విద్యార్థులకు కూడా ‘అంకం’, ‘సంఖ్య’ అన్న ఒక్క పదభేదంతో రెండు సమితులను వేరుచేయడం సులభం కాదు. పదంతో పాటు సంఖ్యారేఖను ప్రతిసారీ చూపడమే దీనికి నివారణ.

7. తరగతి పనుల పునర్నిర్మాణం

పై పరిశీలన ఆధారంగా ప్రస్తుత మూల్యాంకన చట్రాన్ని మార్చకుండానే, అందులోని నాలుగు సాధనాల పరిధిలో ఈ పనులను రూపొందించవచ్చు.

7.1 రాతపని: నోటుపుస్తకం చివరి పుటల్లో ఇంటిమాట, పుస్తకపదం, చిహ్నం అనే మూడు నిలువు వరుసలు ఉంచాలి. ‘పావు – నాలుగో వంతు – 0.25’, ‘నూటికి – శాతం – %’ అన్నట్లుగా పాఠం గడిచేకొద్దీ విద్యార్థి నింపుకొంటాడు. ఒడియా, హిందీ విద్యార్థులు తమ మాటను తెలుగు లిపిలోనో తమ లిపిలోనో రాసుకోవచ్చు.

7.2 ఇంటిపని: పారిశ్రామిక ప్రాంతంలో తల్లిదండ్రులు షిఫ్టులలో పనిచేస్తారు. సాయంత్రం ఇంట్లో లెక్క చెప్పే పెద్దలు ఉంటారని ఊహించి పని ఇవ్వడం న్యాయం కాదు. తరగతిలో పద్ధతి నేర్చుకున్న రెండు మూడు లెక్కలు, ఇంట్లో ఎవరినైనా అడిగి తెచ్చే ఒక కొలత మాట చాలు. అక్షరం రాని తల్లి కూడా మాట చెప్పగలదు.

7.3 ప్రాజెక్టు: గుంటను నేలపై గీయడం, 8 గంటల షిఫ్టుల కాలపట్టిక తయారుచేయడం వంటివి కొనుగోలు ఖర్చు లేని పనులు. అయితే పిల్లలను ఇంటి అప్పులు, వేతనాల వివరాలు తెమ్మనడం తగదు. వడ్డీ, వేతనాల లెక్కలకు ఉపాధ్యాయుడు కల్పించిన అంకెలే వాడాలి. జీవితానుసంధానం పేరిట కుటుంబ గౌరవానికి భంగం కలగరాదు.

7.4 లఘుపరీక్ష: ఒక ప్రశ్నకైనా జవాబుతో పాటు ‘ఎందుకో ఒక వాక్యంలో రాయండి’ అని అడగాలి. వాక్యంలోని భాషాదోషాలకు మార్కులు తగ్గించరాదు. భావన ఉన్నదా లేదా అన్నదే కొలమానం.

7.5 అపేక్షల పత్రం: విద్యాసంవత్సరం ఆరంభంలో ఒక్క పుటలో, తెలుగులోనూ వీలైన మేరకు తరగతిలోని ఇతర ఇంటిభాషల్లోనూ, విద్యార్థి చేతికి ఇవ్వదగిన పత్రం ఈ విధంగా ఉండవచ్చు:

‘రోజూ నోటుపుస్తకం, పెన్సిలు, స్కేలు తెచ్చుకోవాలి. లేనివారు ముందుగా చెబితే బడిలో ఇస్తారు. జవాబుతో పాటు అది ఎలా వచ్చిందో చూపాలి. తప్పయిన లెక్కను చెరపకుండా పక్కనే సరిచేసి రాయాలి. సరిచేసిన తప్పుకు మార్కులు తగ్గవు. అర్థం కాని మాట కింద గీత గీసి, మీకు వచ్చిన భాషలోనే అడగండి. బడికి రాని రోజు పాఠాన్ని వచ్చిన వారంలోగా అడిగి నేర్చుకోవచ్చు. వేగంగా చేయడం కంటే కారణం చెప్పగలగడం ముఖ్యం.’

పనిని వెతుక్కుంటూ విద్యాసంవత్సరం మధ్యలో వచ్చే కుటుంబాల పిల్లలకు ఈ పత్రం చేరిన మొదటి రోజునే ఇవ్వాలి. ప్రాథమిక స్థాయిలో 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ వంటి కార్యక్రమాలు కనీస సామర్థ్యాలపై దృష్టి నిలిపాయి. పై తరగతుల్లో ఆ సామర్థ్యాలను నిలబెట్టేది ఇటువంటి నిత్యకృత్యమే.

8. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. ప్రాథమికోన్నత స్థాయి గణిత విద్యాప్రమాణాలలో నాలుగు భాషాసామర్థ్యంపై ఆధారపడి ఉన్నాయి. వ్యక్తపరచడానికి దక్కే భారత్వం ఈ వాస్తవానికి తగినట్లు లేదు.
2. భిన్నాలు, దశాంశాలు, శాతాల విషయంలో తెలుగు ఇంటిమాటలు భావనను స్పష్టం చేస్తాయి. గజం, వడ్డీ విషయంలో ఇంటిమాటలోని అధ్యాహారాన్ని తరగతిలో విప్పిచెప్పాలి. అంటే ఇంటిభాషను ఆదరించడంతో పాటు విశ్లేషించడం కూడా అవసరం.
3. తెలుగు పదక్రమం కొన్ని బీజీయ సమాసాలకు ఇంగ్లీషు కంటే అనుకూలం. ద్విభాషా పాఠ్యపుస్తకాన్ని అనువాదంగా కాక సరిపోల్చి చదివే సాధనంగా వాడుకోవచ్చు.
4. సంస్కృతజన్య పరిభాష వలస విద్యార్థికి కొంత వంతెన, కొంత ఉచ్చు. ‘పూర్ణాంకం–పూర్ణసంఖ్య’ వంటి విపర్యయాలను గణిత ఉపాధ్యాయ శిక్షణలో చేర్చాలి.
5. విద్యార్థి నుంచి ఏమి ఆశిస్తున్నామో విద్యార్థికే చెప్పే పత్రం మూల్యాంకనలో పారదర్శకతకు తొలి మెట్టు.

గణిత పరిభాషపై తెలుగు శాఖల్లో, పదసమస్యల భాషపై విద్యాశాస్త్ర శాఖల్లో జరిగే పరిశోధనలు ఒకదానికొకటి దూరంగా ఉండిపోతే తరగతి గదికి ప్రయోజనం తక్కువ. ఆరో తరగతి పిల్లవాడు లెక్క తప్పినప్పుడు అది లెక్కలో తప్పిందా, మాటలో తప్పిందా అని వేరుచేసి చెప్పగలిగిన ఉపాధ్యాయుణ్ణి తయారుచేయడానికి ఈ రెండు శాఖలూ కలిసి పనిచేయాలి.